ఇటుకల బొమ్మతో కల్పిత వ్యోమనౌక కట్టాలంటే ఏ డబ్బా కొనాలి, ఏ దారి పట్టాలి

విజయనగరంలో సిరిమానోత్సవానికి మా ఇంటికి వచ్చే బంధువుల్లో ఏటా ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి అడుగుతారు: పిల్లవాడు లెగో వంటి ప్లాస్టిక్ ఇటుకల ముక్కలతో వ్యోమనౌక కట్టాలని పట్టుబడుతున్నాడు, ఏ డబ్బా కొనమంటారు? వారిలో సగం మంది అడుగుతున్నది పిల్లవాడి కోసం కాదని వారి కళ్లే చెబుతుంటాయి. పెద్దవారు తమ కోసం కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. అయితే ఎవరి కోసం కొంటున్నారో ముందే ఒప్పుకుంటే ఎంపిక సగం తేలిపోతుంది.

దుకాణంలోనైనా, ఫోనులోనైనా డబ్బా చూడగానే అందరి చూపూ ముక్కల సంఖ్య మీదికే పోతుంది. అది ధరను పోల్చుకోవడానికి కొంత పనికివస్తుంది గానీ నౌక ఎలా ఉంటుందో చెప్పదు. 1,000 ముక్కల డబ్బాలో 600 ముక్కలు గోరంత పల్చటి పలకలే కావచ్చు. సంఖ్య చూసే ముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి.

ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: కట్టిన తరువాత ఆ నౌక ఏమవుతుంది? అలమరలో నిలిచి ఉంటుందా, పిల్లవాడి చేతుల్లో ఇల్లంతా ఎగురుతుందా, లేక మరునాడే విప్పేసి ఇంకొకటి కట్టే సరుకవుతుందా? ఈ మూడు ప్రయోజనాలకూ మూడు వేర్వేరు డబ్బాలు సరిపోతాయి. మూడూ ఒకే డబ్బాతో సాధిస్తామనుకునేవారే ఎక్కువగా నిరాశపడడం నేను చూశాను.

రెండవది పట్టు. ముక్కకు ముక్క ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది ఇల్లు కట్టే ఆటలో అంతగా తెలియదు, ఎందుకంటే అక్కడ బరువంతా కిందికే దిగుతుంది. నౌక విషయం అలా కాదు. దాన్ని చేత్తో ఎత్తుతాము, తలకిందులు చేస్తాము, రెక్కలు ఏ ఆధారమూ లేకుండా పక్కలకు చాచి ఉంటాయి. ఇళ్ల బొమ్మకు చాలిన పట్టు నౌకకు చాలదు.

మూడవది చోటు, దుమ్ము, ఎండ. కళింగపట్నం, భీమునిపట్నం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి తేమకు అతికించిన స్టిక్కర్ల అంచులు లేస్తాయి. పడమటి కిటికీ పక్కన పెట్టిన తెల్ల ముక్కలు కొన్నేళ్లకు పచ్చబడతాయి. అద్దాల తలుపున్న అలమర లేని ఇంట్లో పెద్ద ప్రదర్శన నౌక కొనడమంటే ప్రతి వారం కుంచెతో దుమ్ము దులిపే పనిని కూడా కొనుక్కోవడమే.

నాలుగవది, ఒక ముక్క పోతే మళ్లీ దొరికే వీలు. దీని గురించి కొనే రోజున ఎవరూ ఆలోచించరు.

కొలతల సంగతి కొంచెం

లెగో సంస్థ 1932లో డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో ఒక వడ్రంగి పనిశాలగా మొదలైంది. పైన బుడిపెలూ లోపల గొట్టాలూ ఉండి ఒకదాన్నొకటి పట్టుకునే ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఆ పేటెంటు కాలం ఎప్పుడో తీరిపోయింది కాబట్టి అదే కొలతతో ఇతర సంస్థలు ఇటుకలు చేయడం తప్పు కాదు. అసలు సంస్థ ముద్రనూ డబ్బా బొమ్మలనూ కాపీ కొట్టి అమ్మడం మాత్రం వేరే సంగతి.

రెండు బుడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6, పలక ఎత్తు 3.2. అంటే మూడు పలకలు ఒక ఇటుకకు సమానం. ఈ లెక్కలోనే ఒక రహస్యం దాగి ఉంది. ఐదు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చితే 16 మిల్లీమీటర్లు వస్తుంది, అది సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు. ముక్కలను పక్కకు తిప్పి బిగించినా సందు లేకుండా అమరడానికి కారణం ఇదే. వ్యోమనౌకకు నున్నటి పక్కలు తెచ్చే పనితనమంతా ఈ ఒక్క సమానతపై నడుస్తుంది. చవక డబ్బాల్లో కొలత వెంట్రుకవాసి తేడా వచ్చినా ముందుగా దెబ్బతినేది ఇదే.

మొదటి దారి: పేరున్న కల్పిత నౌకల కిట్లు

సినిమాల ద్వారా ప్రసిద్ధమైన నౌకలను, ఆ సినిమాల హక్కుదారుల అనుమతి తీసుకుని లెగో సంస్థ కిట్లుగా అమ్ముతుంది. ఒకే నౌక ఎన్ని పరిమాణాల్లో వస్తుందో చూస్తే ముక్కల సంఖ్య ఎంత మోసం చేయగలదో అర్థమవుతుంది. స్టార్ వార్స్ సినిమాల్లోని మిలీనియం ఫాల్కన్ నౌకనే తీసుకోండి. 2017లో వచ్చిన పెద్ద కిట్‌లో 7,541 ముక్కలు ఉన్నాయి, కట్టిన నౌక పొడవు సుమారు 84 సెంటీమీటర్లు. 2019 నాటి ఆట కిట్‌లో 1,350 పైచిలుకు ముక్కలుంటే, 2024లో పీఠంతో సహా వచ్చిన చిన్నదానిలో 921 మాత్రమే. ఆట కిట్ పైకప్పు పలకలు తెరుచుకుని లోపల బొమ్మమనుషులు కూర్చుంటారు. 921 ముక్కలదానిలో లోపల చూడడానికేమీ లేదు, కానీ పుస్తకాల అరలో పెట్టి దూరం నుంచి చూసేవారికి ఆకారం నిండుగా కనిపిస్తుంది. పిల్లవాడికి మధ్యదీ, బల్లపై పెట్టుకునే ఉద్యోగికి చిన్నదీ సరిపోతాయి. 84 సెంటీమీటర్లది కొనే ముందు టేపుతో ఇల్లు కొలవండి. మన అద్దె ఇళ్ల గూళ్లలో అది పట్టదు.

ఈ దారిలో ఉన్న లోపం వేరు. ఆ కిట్‌లోని ముక్కలు ఆ నౌక కోసమే ఎంచినవి. బూడిద రంగు వాలుపలకలు, గుండ్రని వంపులు, వంద రకాల చిన్న చిల్లర ముక్కలు. విప్పితే వాటితో మరో నౌక కట్టడానికి అనుభవం కావాలి. తొమ్మిదేళ్ల పిల్లవాడు విప్పిన రోజు నుంచి అవి డబ్బాలోనే ఉండిపోతాయి.

రెండవ దారి: సంస్థ సొంత ఊహల నౌకలు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకుంటున్నాను. 1970ల చివర సంస్థ తన సొంత అంతరిక్ష వరుసను ప్రారంభించింది. నీలం, బూడిద రంగు ముక్కలు, పసుపుపచ్చ పారదర్శక అద్దాలు దాని గుర్తులు. 1979లో వచ్చిన గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ ఆ వరుసలో పేరుమోసిన నౌక. సంస్థకు 90 ఏళ్లు నిండిన 2022లో అదే నౌకను 1,254 ముక్కలతో మళ్లీ పెద్దదిగా రూపొందించారు. అదే డబ్బాతో ఆ నాటి మరో రెండు చిన్న నౌకలను కూడా కట్టుకోవచ్చు. పెద్ద పలకలు, వాలు ఇటుకలు, మామూలు ఇటుకలు ఎక్కువగా ఉండడం వల్ల విప్పిన తరువాత కూడా ఈ ముక్కలు నిజంగా పనికివస్తాయి.

చిక్కల్లా దొరకడంలో ఉంది. ఇలాంటి కిట్లు సంస్థ జాబితా నుంచి తొలగిపోయాక మారుబేరగాళ్ల చేతుల్లో ధర ఎక్కడికో పోతుంది. అసలు ధరకు రెండింతలు పెట్టి కొనమని నేనెవరికీ చెప్పను. ఆ డబ్బుతో తరువాత చెప్పబోయే రెండు దారులూ కలిపి పట్టవచ్చు.

మూడవ దారి: ఒకే డబ్బాలో మూడు బొమ్మలు

ఒకే ముక్కలతో మూడు వేర్వేరు బొమ్మలు కట్టే డబ్బాలు చిన్న బడ్జెట్‌కు చాలా మంచివి. 2023లో వచ్చిన 144 ముక్కల స్పేస్ షటిల్ డబ్బా ఇందుకు మంచి ఉదాహరణ. దానితో షటిల్, వ్యోమగామి, కల్పిత నౌక మూడూ వస్తాయి. ఇక్కడ పిల్లవాడు తెలియకుండానే ఒక పాఠం నేర్చుకుంటాడు: ఒక బొమ్మలో తోకగా ఉన్న ముక్కే మరో బొమ్మలో రెక్క కావచ్చు. విప్పడానికి భయపడని అలవాటు ఈ డబ్బాతోనే వస్తుంది. చిన్నది కాబట్టి పెద్దవారికి ఒక గంట కాలక్షేపం, అంతకు మించి ఆశించకూడదు.

నాలుగవ దారి: కలగలుపు డబ్బా, సొంత నౌక

ఇందులో ఏ నౌక బొమ్మా ఉండదు, రకరకాల ఇటుకలు మాత్రమే ఉంటాయి. 790 ముక్కలు, 33 రంగులున్న పెద్ద క్లాసిక్ డబ్బా చాలామందికి తెలిసినదే. నౌక కట్టాలనుకునేవారికి దీనిలో రెండు కొరతలు ఎదురవుతాయి. రంగులు ఎక్కువ, ఏ రంగులోనూ సరిపడా ముక్కలుండవు. పొడవైన పలకలు, అడ్డపట్టీలు తక్కువ. మొదటి నౌక సంక్రాంతి ముగ్గులా ఏడు రంగుల్లో వస్తుంది. పిల్లలకు అది ఏ మాత్రం అభ్యంతరం కాదు. పెద్దవారికి కంటికి గుచ్చుకుంటుంది.

కొరతకు విరుగుడు ఉంది. ఒక కలగలుపు డబ్బా, ఒక చిన్న అంతరిక్ష డబ్బా, వీలైతే లెగో వారి యంత్రాల వరుస అయిన టెక్నిక్‌లోని రంధ్రాలున్న కడ్డీలు కొన్ని కలిపితే మంచి నౌకకు చాలిన సరుకు అవుతుంది. మా ఇంట్లో ముక్కలను రంగుల వారీగా కాక ఆకారాల వారీగా వేరు చేస్తాము, ఎందుకంటే ఎర్ర ముక్కల గుట్టలో పలకను వెదకడం కంటే పలకల గుట్టలో ఎర్రదాన్ని వెదకడం సులువు. వేరు చేయడానికి చేట కంటే మంచి పరికరం నాకు తగల్లేదు. ఒక ఆదివారం మా అమ్మ చేట ఒడిలో పెట్టుకుని ముక్కలు ఏరుతూ, "ఏట్రా నాయనా, బియ్యంలో రాళ్లేరినట్టుంది నీ ఆట" అంది. అంటూనే సాయంత్రం దాకా ఏరింది.

సొంత నౌక కట్టేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ముందు పైతొడుగు మొదలుపెట్టడం. మొదట తీయవలసింది నడిపేవాడి గది అద్దం ముక్క. అది నాలుగు బుడిపెల వెడల్పో, ఆరు బుడిపెల వెడల్పో అన్నదానిపైనే నౌక ముక్కు వెడల్పు ఆధారపడుతుంది. ఆ తరువాత చట్రం. ముక్కు నుంచి తోక దాకా రెండు కడ్డీలను సమాంతరంగా వేసి అడ్డకడ్డీలతో బిగించాలి. కడ్డీలు లేకపోతే పలకలనే రెండు పొరలుగా వేయాలి, అయితే గోడ కట్టే మేస్త్రీ అతుకు మీద అతుకు రాకుండా ఇటుక పేర్చినట్టే కింది పొర అతుకుల మీద పై పొర ముక్కల నడుములు రావాలి. ఒకే పొర పలకతో చాచిన రెక్క ఎనిమిది బుడిపెలు దాటగానే వాలడం మొదలవుతుంది. రెక్క వాలుగా ఉండాలనుకుంటే పళ్లున్న మడతబందు ముక్కలు వాడాలి. పళ్లు లేని మడతబందు బరువు మోయదు.

చట్రం నిలబడిందని ఎలా తెలుస్తుంది? తోకను మాత్రమే పట్టుకుని నౌకను అడ్డంగా ఎత్తండి. ముక్కు కిందికి వంగితే పైతొడుగు వేయకండి, ఇంకో అడ్డకడ్డీ వేయండి. పైతొడుగు బరువు చట్రాన్ని బాగుచేయదు, ఇంకా వంచుతుంది. ఇంజన్లను తోకలో ఎక్కువగా పేర్చినవారు పీఠం ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడతారు. నౌక కింద ఒక వేలు పెట్టి ముందుకూ వెనక్కూ జరుపుతూ ఏ చోట నిలకడగా ఆగుతుందో చూస్తే పీఠం స్థానం అదే.

రంగుల విషయంలో ఒక ప్రధాన రంగు, ఒక తోడు రంగు, చారలకు మాత్రం మూడవది చాలు. గొట్టాలు, జాలీలు, మీటల వంటి చిల్లర ముక్కలను అక్కడక్కడ అమర్చడాన్ని అభిమానులు గ్రీబ్లింగ్ అంటారు. నౌకకు పెద్ద యంత్రమనే భ్రమ తెచ్చేది అదే. కానీ నౌకంతా నింపేస్తే జాతరలో వేలాడదీసిన దండల దుకాణంలా తయారవుతుంది. రెండు మూడు చోట్ల గుంపుగా పెట్టి మిగతా ఒళ్లంతా నున్నగా వదిలేయాలి.

ఐదవ దారి: అదే కొలతతో చేసే ఇతర సంస్థల డబ్బాలు

ఇది మన ఊళ్లలో ఎక్కువమంది నిజంగా ఎంచుకునే దారి. విదేశీ బొమ్మలపై దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పేరున్న డబ్బా ధర ఇంత ఎక్కువగా ఉండడానికి అది ఒక పెద్ద కారణం. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి కాబట్టి డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు ఉన్నదా అని చూడడం మొదటి పని. అది లేని డబ్బాను పిల్లల కోసం కొనవద్దు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అయితే ఏ సంస్థదైనా చిన్న ముక్కలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

ఈ డబ్బాలన్నీ చెడ్డవని నేను అనను. కొన్నిటి పట్టు మంచిదే. అయితే డబ్బా తెరిచేదాకా తెలియదు. నేను ఒకసారి పేరు తెలియని సంస్థ నౌక డబ్బా ఒకటి కొన్నాను. నౌక బాగానే వచ్చింది. ఎడమ అరచేతిలో ఎత్తి పట్టుకుని కుడి చేత్తో ముక్కు సవరించబోగానే కుడి రెక్క పనస తొన విడిపోయినట్టు మెల్లగా విడిపోయి నేల మీద పడింది. మళ్లీ బిగించాను. మధ్యాహ్నం ఎడమది పడింది. రెక్క కింద పలకలను గోటితో తాకితే కదిలేంత వదులుగా ఉన్నాయి. చివరకు రెక్కల మూలాన్ని రెండు వరుసల మంచి ఇటుకలతో తిరిగి కట్టాను. అప్పటి నుంచి ఇలాంటి డబ్బాల ముక్కలను పైతొడుగుకే వాడుతున్నాను, చట్రానికి వాడను.

కొన్న వెంటనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. తొమ్మిది పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి మూడు మంచి ఇటుకల దొంతర పక్కన నిలపండి. ఎత్తు సమానంగా వస్తే, పై ముక్కను పట్టుకుని ఎత్తినప్పుడు దొంతరంతా లేస్తే ఆ డబ్బా నౌకకు పనికివస్తుంది.

ఆరవ దారి: ముందు కంప్యూటరులో, తరువాత ముక్కలు

విడి ఇటుకల అమ్మకాలు జరిగే బ్రిక్‌లింక్ వెబ్‌సైటు వారి స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నౌకను తెరపైనే కట్టి, ముక్కల జాబితా తీసి, విడివిడిగా కొనవచ్చు. బ్రిక్‌లింక్‌ను 2019లో లెగో సంస్థే కొనుక్కుంది. ఇంజినీరింగు చదివే పిల్లలకు ఇది నచ్చుతుంది. తెర మీద రెక్క వాలదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పైగా విదేశాల అమ్మకందారుల నుంచి తెప్పిస్తే ముక్కల ధరను రవాణా ఖర్చు మించిపోతుంది. పొడవు కనీసం 100 బుడిపెలు, అంటే 80 సెంటీమీటర్లు ఉన్న నౌకను సెప్టెంబరు నెలలో పూర్తిచేసే షిప్‌టెంబర్ పంతం అభిమానుల్లో ఉంది. అలాంటిదానికి దిగేవారికి ఈ దారి తప్పదు. మిగతావారు నమూనా గీయడానికి మాత్రం వాడుకుంటే చాలు.

ఒక్క చూపులో

| దారి | కట్టాక ఏమి చేయవచ్చు | చట్రం గట్టితనం | విప్పి మళ్లీ కట్టడం | ఖర్చు |
|---|---|---|---|---|
| పేరున్న నౌకల కిట్ | ప్రదర్శన, కొన్నిటితో ఆట | బాగుంటుంది | కష్టం | ఎక్కువ |
| సంస్థ సొంత ఊహల నౌక | రెండూ | చాలా బాగుంటుంది | సులువు | ఎక్కువ, దొరికితే |
| మూడు బొమ్మల డబ్బా | ఆట | సరిపడా | అందుకే చేసినది | తక్కువ |
| కలగలుపు డబ్బా | ఆట, అభ్యాసం | మీ చేతిలో ఉంది | అత్యంత సులువు | మధ్యస్థం |
| ఇతర సంస్థల డబ్బా | ప్రదర్శన | డబ్బాను బట్టి | ముక్కలు అరుగుతాయి | తక్కువ |
| కంప్యూటరు నమూనా, విడి ముక్కలు | మీ ఇష్టం | ముందుగా తెలియదు | సులువు | చెప్పలేము |

ఎవరికి ఏది

ఆరేడేళ్ల పిల్లలకు మూడు బొమ్మల డబ్బాతో మొదలుపెట్టి, ఆర్నెల్లు ఆగి, వాడు విప్పడానికి భయపడడం లేదనిపిస్తే కలగలుపు డబ్బా కొనండి. పదేళ్లు దాటి, ఒక నౌక పేరే పదే పదే చెబుతున్న పిల్లలకు మాత్రం ఆ నౌక ఆట కిట్‌నే కొనాలి. "ఇదీ అలాంటిదేలే" అని వేరొకటి ఇస్తే వారు ఆడరు, ఈ విషయంలో పెద్దల లెక్క పనిచేయదు.

ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఉమ్మడి కుటుంబంలో ఖరీదైన కిట్ ఒకటి కొనడం తగవు కొనుక్కోవడమే. ఆ డబ్బుకు రెండు కలగలుపు డబ్బాలు వస్తాయి, ఎవరి నౌక వారు కట్టుకుంటారు. శ్రీకాకుళం నుంచి విశాఖకో, హైదరాబాదుకో బదిలీ అవుతూ ఉండే ఉద్యోగులకు 921 ముక్కల వంటి పీఠమున్న చిన్న నౌక నయం. ఏదైనా ఒక నౌక బాగా కట్టడం నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవారికి నా సలహా కలగలుపు డబ్బా, దానితో పాటు కొన్ని టెక్నిక్ కడ్డీలు. ఇంట్లో ఇప్పటికే చవక డబ్బా ఉన్నవారు దాన్ని పారేయనక్కరలేదు. పైన చెప్పినట్టు పైతొడుగుకు వాడుకోవచ్చు.

ముక్కలను కడగవలసి వస్తే 40 డిగ్రీలు దాటని నీళ్లలో సబ్బు వేసి చేత్తో కడిగి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. వాషింగ్ మెషీనులోనూ ఎండలోనూ వేయకూడదు. బస్సులోనో రైలులోనో ఊరు దాటించేటప్పుడు రెక్కలు విప్పి చీరల డబ్బాలో పాత పంచె చుట్టి పెట్టండి, నడుమును మాత్రం ఒడిలో పెట్టుకోండి. రెక్కలను మూలం దగ్గర నాలుగే బుడిపెలతో బిగించేలా కట్టుకుంటే దిగిన చోట రెండు నిమిషాల్లో తిరిగి తగిలించవచ్చు.